రెండో లారీ తూకం

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ స్క్రూడ్రైవర్ సెట్టు కొంటే మంచిది. రెండింటికీ నా దగ్గర జవాబు ఉంది, చెప్పి పంపేస్తాను. అసలు నేను చెప్పాల్సిందేమో వాళ్ళు అడగరు. అడగని దాన్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, అందుకని రాసి పెడుతున్నాను. చదివితే చదవండి.

నా పేరు ఈరన్న. మాది ఆలూరు పక్కన ఒక పల్లె. కర్నూలులో ఒక కంప్యూటర్ షాపులో పదిహేనేళ్ళు, ఆ తర్వాత సొంతంగా ఇంకో పదిహేనేళ్ళు రిపేర్లు చేశాను. సన్న పిన్నులు కంటికి ఆనడం మానేశాక నేనూ మానేశాను. నా పని ఏమంటే పాత ప్రింటర్లను, పాత మిషన్లను కొత్త కంప్యూటర్లకు కలపడం. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు, ఎందుకంటే ఒక్కటీ రాలేదు. సన్మానాలు కూడా జరగలేదు. ఒక మనిషి పేరు చెడగొట్టడం మాత్రం జరిగింది, నా చేతుల మీదుగానే జరిగింది.

పాత ప్రింటర్ ఎందుకు చావదు

రెండు వేల సంవత్సరం దాటిన కొద్ది కాలానికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వెనక్కి తిప్పి చూస్తే పాత ప్రింటర్ వైరు పట్టే వెడల్పాటి పోర్టు ఉండదు. చిన్న చిన్న యూఎస్‌బీ రంధ్రాలు మాత్రం ఉంటాయి. పాత ప్రింటర్ పారేసి కొత్తది కొనుక్కోండి అని తయారుచేసిన వాళ్ళ ఉద్దేశం. వాళ్ళు మా వైపు ఒక్క మండీలో ఒక్క పూట కూర్చుని ఉంటే అట్లా అనుకునేవాళ్ళు కాదు.

మా దగ్గర ప్రింటర్ అంటే పిన్నులతో కొట్టే డాట్ మ్యాట్రిక్స్. మధ్యలో కార్బన్ పెట్టిన మూడు కాగితాల మీద అది ఒకేసారి గరగరమని కొడుతుంది. ఒకటి లారీ డ్రైవరుకు, ఒకటి సరుకు దించుకునే వాళ్ళకు, ఒకటి ఆఫీసుకు. ఇంకు చల్లే కొత్త ప్రింటర్ ఒక్క కాగితం మీదే అచ్చు వేస్తుంది. మూడు కావాలంటే మూడుసార్లు వేయాలి. మూడుసార్లు వేసేటప్పుడు మధ్యలో ఒక అంకె మార్చలేదని ఎవరు చెప్పగలరు? ఒకే దెబ్బకు మూడూ పడ్డాయంటేనే వ్యాపారులు నమ్మేవాళ్ళు. పదేళ్ళ ప్రింటర్‌ను కొడుకులా చూసుకునేది అందుకే.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక పెద్దాయన, నేను ప్రింటర్ మార్చమని చెప్తే, నన్ను ఎగాదిగా చూసి, "మా ప్రింటరుకు ఏం రోగమప్పా? మంచిగ ఉండాది. నీ కంప్యూటరుకే చెవులు లేవు. పోయి చెవులు పెట్టించుకోని రాపో" అన్నాడు. నవ్వొచ్చింది. కానీ ఇంజనీరింగ్ చదివిన వాళ్ళు కూడా సంగతిని అంత సరిగ్గా చెప్పగా నేను వినలేదు.

ఆ చెవులు అమ్మడమే మా షాపు వ్యాపారం అయింది. ఒక కొసన యూఎస్‌బీ, ఇంకో కొసన పాత పోర్టు ఉండే కన్వర్టర్ వైర్లు. డబ్బాల కొద్దీ తెప్పించేవాళ్ళం. వైరు పెట్టగానే అంతా అయిపోయిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పోర్టు ఆకారం కుదిరినంత మాత్రాన లోపల మాట కుదిరినట్టు కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఈ పనిలో మీకు సగం కష్టాలు రావు. నాకు ఇది తెలిసింది చాలా ఆలస్యంగా.

నాగేంద్ర నేర్పిన చదువు

మా షాపు ఓనరు నాగేంద్ర. ఆ మనిషిని నేను పదిహేనేళ్ళు దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. పని తెలిసినవాడు. నాకంటే బాగా తెలుసు. చేయి పెద్దదే, పండగకు బట్టలు పెట్టేవాడు. కానీ ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం సోల్డరింగ్ కాదు. "కస్టమరు ముందర తెలీదు అనద్దు. తప్పు ఎప్పుడూ కరెంటుదే" అనేది మొదటి పాఠం.

నేను దాన్ని తొందరగా ఒంటబట్టించుకున్నాను. ఆత్మకూరులో ఒక ఎరువుల షాపులో ప్రింటర్ కలపడానికి పోయి, కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే తొందరపడి పాత వైరు పీకాను. చిటుక్కుమంది. పోర్టు కాలిపోయింది. షాపాయన పరుగెత్తుకుని వచ్చి "ఏమైందప్పా?" అంటే, నేను తడుముకోకుండా "ఓల్టేజీ ఎగిరింది, మీ లైను బాగలేదు" అన్నాను. పాపం ఆయన నమ్మి, వారం తిరక్కముందే పెద్ద స్టెబిలైజర్ కొన్నాడు. అదీ మా షాపులోనే. పైగా తర్వాత ఎప్పుడు కనిపించినా "నువ్వు చెప్పకపోయింటే ఇంకా ఏమేమి కాలిపోతుండెనో" అని నాకు మజ్జిగ తెప్పించేవాడు. నేను తాగేవాడిని. ఆ మజ్జిగ తాగినందుకు అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. నాగేంద్రకు చెప్తే పగలబడి నవ్వి నా వీపు తట్టాడు.

బేతంచెర్ల కాటా

రెండు వేల ఏడు ప్రాంతంలో బేతంచెర్ల దగ్గర రాతి గనులున్న ఒక శెట్టి మా దగ్గర కొత్త కంప్యూటర్ కొన్నాడు. పేరు రాయను, శెట్టి అంటే చాలు. గనుల నుంచి రాయి ఎత్తుకుని పోయే లారీలను తూచే కాటా ఆయనది. బోర్డు మీద వే బ్రిడ్జి అని ఉన్నా అందరూ కాటా అనే అంటారు. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడితే, పక్క గదిలో ఒక డబ్బా మీద ఎర్ర అంకెల్లో బరువు కనబడుతుంది. డబ్బా నుంచి ఒక వైరు కంప్యూటరులోకి పోతుంది. బటన్ నొక్కితే కంప్యూటర్ ఆ అంకెను తీసుకుని, అందులోంచి ఖాళీ లారీ బరువు తీసేసి, మొత్తం బరువూ సరుకు బరువూ రెండూ వేసి, ప్రింటర్ మీద మూడు కాగితాల చీటీ కొడుతుంది. ఏ లారీ ఖాళీ బరువు ఎంతో ముందే ఎక్కించి పెట్టి ఉంటారు. కొత్త కంప్యూటరుకు ప్రింటర్ పోర్టూ లేదు, డబ్బా వైరు పట్టే పోర్టూ లేదు. అందుకని నన్ను పంపారు.

కాటా గదిలో మద్దిలేటి ఉండేవాడు. యాభై దగ్గర పడిన మనిషి, ఆ పక్క పల్లె వాడే. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ. రాళ్ళ దుమ్ములో కూర్చుని కూడా తెల్ల చొక్కానే తొడుక్కునేవాడు. ఆయనకొక అలవాటు ఉండేది. సరుకు బరువు ఎంతో తేలగానే, చీటీ కొట్టకముందే, బయటికి పోయి సుద్దముక్కతో లారీ వెనక తలుపు మీద ఆ అంకె పెద్దగా రాసేవాడు. ఖాళీ బండ్ల బరువులన్నీ ఆయనకు నోటికి వచ్చు, తీసివేత మనసులోనే చేసేవాడు. ఆ తర్వాతే లోపలికి వచ్చి బటన్ నొక్కేవాడు. కంప్యూటర్లు రాకముందు ఆ కాటాలో అట్లానే చేసేవాళ్ళట.

"చీటీ ఉంది కదన్నా, ఇదెందుకు?" అని అడిగాను.

"చీటీ జోబులో ఉంటాదప్పా. ఇదైతే అందురికీ కనపడతాది" అన్నాడు.

ఆ రోజు నన్ను బాగా తిప్పలు పెట్టింది ప్రింటర్. కాటా ప్రోగ్రామ్ నల్ల తెర మీద నడిచే పాతకాలపుది. బటన్ నొక్కితే చీటీ వెంటనే వచ్చేది కాదు, పావు నిమిషం ఆగి వచ్చేది. డ్రైవర్లు హారన్లు కొట్టేవాళ్ళు. అది సరిచేయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. చివరికి నొక్కీ నొక్కకముందే చీటీ పడుతుంటే శెట్టి స్వయంగా వచ్చి చూసి, "శభాష్" అన్నాడు. నా తెలివంతా ప్రింటర్ మీద పెట్టాను, పొగడ్తా దానికే దక్కింది. డబ్బా వైరుకు మాత్రం కన్వర్టర్ తగిలించి, మళ్ళీ ఒకసారి అంతా ఆన్ చేసి, ఒక్క లారీని తూచి చూశాను. డబ్బా మీద అంకె, చీటీ మీద అంకె ఒకటే.

"ఇంగా రెండు బండ్లు వస్తాండాయి, అవి గూడా చూసి పోప్పా" అన్నాడు మద్దిలేటి.

"ఒకటి కరెక్టయితే అన్నీ కరెక్టే" అని చెప్పి నేను బస్సుకు పోయాను.

వారం తిరక్కముందే ఫోన్ చేశాడు. "ఏమప్పా ఈరన్నా, డబ్బా మీద ఒగటి, చీటీ మీద ఒగటి వస్తాండాదే?"

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ లేదు. తెల్లారి బాగుంటాది. ఎండెక్కే కొద్దీ తేడా వస్తాది. కరెంటు పోయి వచ్చిందనుకో, మల్లా బాగుంటాది."

చూడండి, రోగం పేరు ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడు. ఇంతకంటే వివరంగా ఏ కస్టమరూ నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను మాత్రం, "ఎండకు కంప్యూటర్ వేడెక్కుతాంది. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి, ఫ్యాను ఏదైనా పెట్టుకో" అన్నాను. ఆయన తన ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ తెచ్చి కంప్యూటరుకు పెట్టాడు. మొత్తం మూడుసార్లు ఫోన్ చేశాడు, మూడుసార్లూ నేను అదే మాట చెప్పాను. ఇంకోసారి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే చేశాడు, అది వేరే సంగతి.

చీటీ మీద తప్పు పడితే పెన్నుతో దిద్దొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. చీటీ మీద పెన్ను పెట్టకూడదని శెట్టి ఆర్డరు, పెన్ను పెట్టాడంటే దొంగతనమే అని. అందుకని మద్దిలేటి, వేడికే అన్న నా మాట నమ్మి శెట్టి దాకా పోకుండా, తనకు చేతనైనది చేశాడు. లారీ మీద సుద్దతో నిజమైన బరువు రాస్తూ పోయాడు.

రీస్టార్ట్

శెట్టి బామ్మర్ది ఒక రోజు రోడ్డు పక్కన టీ హోటల్ దగ్గర ఆగి ఉన్న లారీని చూశాడు. వెనక సుద్దతో పదిహేడు టన్నులని ఉంది. డ్రైవరు చీటీ తీసుకుని చూస్తే సరుకు పద్నాలుగు. ఆ వారంలోనే ఇంకో రెండు లారీలను అట్లాగే పట్టుకున్నాడు. మూడు టన్నులు ఎవరి కడుపులోకి పోతున్నాయని గొడవ మొదలైంది. కంప్యూటర్ పెట్టిన వాళ్ళను పిలిపించండి అన్నారు. నాగేంద్ర తన కారులో నన్ను తీసుకుని బయలుదేరాడు.

డోన్ దాటాక అన్నాడు, "ఇవే వైర్లు పన్నెండు కాటాలకు ఇచ్చిండాము. ఈడ తప్పని తేలితే పన్నెండు చోట్లా తేలతాది. నోరు జాగర్త." నేను తలూపాను. మా వైరులో తప్పుందని అప్పటికి నిజంగా నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు.

కాటా గదిలో శెట్టి, బామ్మర్ది, పక్క గనుల వాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. మద్దిలేటి గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. నేను ఆయన కుర్చీలో కూర్చుని, చేతికి అలవాటైన పని చేశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఒక లారీని రమ్మన్నారు. తూచాను. డబ్బా మీద మొత్తం ఇరవై ఆరు టన్నులు, చీటీ మీదా ఇరవై ఆరే.

"మిషన్ బాగుండాది" అన్నాను.

మద్దిలేటి ఒక అడుగు ముందుకు వచ్చాడు. "శెట్టీ, అంకె తేడా వస్తాందని ఈ అప్పకు నేను మూడుమాట్లు ఫోన్ చేసినా. ఈడనే ఉండాడు గదా, అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. నాగేంద్ర కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఫోన్ చేసినాడు" అన్నాను. "ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటాందని."

అది అబద్ధం కాదు. దానికీ ఒకసారి చేశాడు. కోర్టులో నిలబెట్టినా నన్ను తప్పు పట్టలేరు. అబద్ధం ఆడి ఉంటే ఇంత నీచంగా ఉండేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. మద్దిలేటి నన్ను చూసి, "అట్లనా అప్పా" అన్నాడు. బామ్మర్ది లేచి, "ఇంగేముండాది బావా? చీటీ మనకు, సుద్ద వానికి. చీటీలో తక్కువ కొట్టి, మిగిలిన రాయి ఇద్దురూ అమ్ముకుంటాండారు. ఎంత మిగిలిందో డ్రైవరుకు తెలియాల్ల గదా, దానికే రాస్తాండాడు" అన్నాడు. పక్క గనుల వాళ్ళు అవునవును అన్నారు. పద్నాలుగేళ్ళ నుంచి అందరి కళ్ళ ముందూ రాస్తున్న మనిషి, దొంగ లెక్కను లారీ తలుపు మీద ఊరందరికీ కనబడేట్టు ఎందుకు రాస్తాడని ఒక్కరు కూడా అడగలేదు. నేనూ అడగలేదు.

గది తాళాలు అక్కడికక్కడే తీసుకున్నారు. పోలీసులకు చెప్పకుండా వదిలేయడం తమ మంచితనం అన్నారు. తిరుగుదారిలో నాగేంద్ర డోన్‌లో కారు ఆపి నాకు భోజనం పెట్టించాడు. ఆకలి వేసి తిన్నాను, అది కూడా రాయాలి.

ముగ్గురాయి మిల్లు

ఆరు నెలలకు కడప జిల్లాలో మంగంపేట పక్కన ముగ్గురాయిని పొడి కొట్టే ఒక మిల్లుకు పోయాను. అక్కడా అదే పని, అదే వైర్లు. పని తొందరగానే అయిపోయింది. కోడూరు దాకా నన్ను దింపుతానన్న లారీ వరుసలో తొమ్మిదోది. ఎక్కడికీ పోలేక, తెల్లటి పొడి మీద పడుతుంటే కాటా గదిలోనే కూర్చున్నాను. అట్లా కూర్చోవడం నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి.

మొదటి లారీ సరిగ్గా వచ్చింది. రెండో లారీకి చీటీ మీద మొదటి లారీ తూకం పడింది. మూడో దానికి రెండో దాని తూకం. కాటా రాసే ఆయన డబ్బా వైపు చూడనే లేదు, చీటీ చింపి ఇస్తూ పోయాడు. నేను లేచి పోయి డబ్బా పక్కనే నిలబడ్డాను.

సంగతి ఇదీ. డబ్బా నుంచి అంకెలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. పాత పోర్టుకు దాచుకునే చోటు లేదు, అడిగినప్పుడు ఏ అంకె ఉంటే అదే ఇచ్చేది. కన్వర్టర్ వైరు మాత్రం వచ్చిన అంకెలన్నీ వరుసగా దాచిపెట్టుకుని, అడిగినప్పుడు అన్నిటికంటే పాతది ముందు ఇస్తుంది. కంప్యూటర్ ఆపితే దాచుకున్నదంతా పోతుంది, మొదటి లారీ సరిగ్గా వస్తుంది. అందుకే తెల్లారి బాగుండేది. లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చే ఎండవేళకు తేడా వచ్చేది. కరెంటు పోయి వస్తే మళ్ళీ బాగుండేది. మద్దిలేటి ఫోన్‌లో నాకు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఇదే. అన్ని లారీలూ ఇంచుమించు ఒకే బరువు ఎత్తుతాయి కాబట్టి తేడా రోజూ కళ్ళకు కొట్టేది కాదు, అంతే.

మీకు ఒక్క మాట చెప్తాను, ఇది పని మాట. పోయిన చోట ముందు ఆపి ఆన్ చేయకండి. మిషన్‌ను వాళ్ళు ఎట్లా వదిలారో అట్లాగే, వాళ్ళు వాడినట్టే వాడి చూడండి. ఆపి ఆన్ చేస్తే తప్పు పోదు, తప్పుకు సాక్ష్యం పోతుంది. ఆ రోజు బేతంచెర్ల కాటా గదిలో నేను తుడిచేసింది దాన్నే.

ఫ్రీ సర్వీసు

కర్నూలుకు వచ్చి నాగేంద్రకు చెప్పాను. సగం చెప్పేసరికే ఆయనకు అంతా అర్థమైంది. మర్నాడే హైదరాబాదు నుంచి, కంప్యూటర్ లోపల బిగించే కార్డులు తెప్పించాడు. ఆ కార్డులకు పాత రకం పోర్టే ఉంటుంది. "పన్నెండు చోట్లకూ, ఆ మిల్లుకూ పోయి బిగించి రా. ఫ్రీ సర్వీసని చెప్పు. ఇంగేం చెప్పద్దు" అన్నాడు.

"మద్దిలేటి సంగతి?" అన్నాను.

"వాడేమన్నా మన చుట్టమా?"

నేను పోయాను. బేతంచెర్లకు కూడా నేనే పోయాను. మద్దిలేటి కుర్చీలో బామ్మర్ది వైపు మనిషి ఎవరో ఉన్నాడు. మద్దిలేటి ఇంటి ఫ్యాను ఇంకా అక్కడే తిరుగుతోంది. శెట్టి టీ తెప్పించాడు. కన్వర్టర్ పీకి, కార్డు బిగించి, "ఫ్రీ సర్వీసు శెట్టీ" అని చెప్పి వచ్చేశాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. వైరు నా చేతిలో ఉంది, శెట్టి ఎదురుగా ఉన్నాడు, ఇంకో లారీని రమ్మంటే ఐదు నిమిషాల్లో రుజువయ్యేది. ఉద్యోగం పోతుందన్న భయం. వేరే కారణం ఏదీ లేదు, నేను వెతికి చూశాను.

చెప్పిన రోజు

ఇంకో నాలుగు నెలలు గడిచాయి. వేరే పని మీద బేతంచెర్ల పోయి, కర్నూలు రైలు కోసం స్టేషనుకు నడుస్తుంటే, దారిలో ఒక పాలిష్ ఫ్యాక్టరీ ముందు బండలు ఎత్తుతున్న వాళ్ళలో ఒకడు నన్ను పిలిచాడు. "ఏమప్పా, బాగుండావా?" మద్దిలేటి. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. తెల్ల చొక్కా లేదు, బనియను మీద ఉన్నాడు. నాలుగు వేళ్ళకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

నన్ను తిట్టి ఉంటే, ఏదో ఒకటి అనేసి రైలెక్కేవాడిని. బాగున్నావా అని అడిగేసరికి తప్పించుకోలేకపోయాను. అక్కడే, మిగతా కూలీలు వింటుండగానే, మొత్తం చెప్పేశాను. వైరు సంగతి, ఫోన్ల సంగతి, ఫ్రీ సర్వీసు సంగతి. ఆయన రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

"అయితే నేను తియ్యలేదని తేలినట్టే గదా?" అన్నాడు.

"తేలినట్టే."

"ఈ మాట శెట్టి ముందర చెప్తావా?"

"ఇప్పుడే పోదాం పా."

మేస్త్రీకి చెప్పి పని ఆపేశాడు. కొళాయి దగ్గర మొహం, చేతులు కడుక్కున్నాడు. దుమ్ము తల వెంట్రుకల్లోంచి పోకపోతే తల కూడా కడుక్కున్నాడు. పక్కవాడి దగ్గర చొక్కా అడిగి తొడుక్కున్నాడు. దారిపొడవునా నాతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. పల్లెలో తనను పెండ్లిండ్లకు పిలవడం మానేశారని, అంగట్లో నిలబడితే సరుకు మీద కన్నేసి ఉంచుతారని, ఇవన్నీ నవ్వుతూ చెప్పాడు. అయిపోయిన కష్టాలు చెప్పుకున్నట్టు చెప్పాడు.

శెట్టి కాటా గది బయట కుర్చీ వేసుకుని ఉన్నాడు, పక్కన బామ్మర్ది. లారీ డ్రైవర్లు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నేను చెప్పాను. నత్తి పడకుండా, దాచకుండా చెప్పాను. శెట్టి చివరిదాకా విన్నాడు.

"ఆ పొద్దు ఇదే గదిలో కూచోని మిషన్ బాగుండాదంటివి" అన్నాడు. "ఈ పొద్దు బాగలేకుండె అంటాండావు. ఏ పొద్దుది నమ్మల్లప్పా?"

"ఇదే నిజం శెట్టీ. ఆ వైరు నా సంచిలో ఉంది. తగిలించి రెండు లారీలు తూచి చూపిస్తాను."

"నా కాటా మీద చెయ్యెయ్యద్దు. సక్కంగ నడుస్తాండాది. నాలుగు నెల్ల కింద వచ్చి టీ తాగి పోతివే, ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు?"

ఉద్యోగం పోతుందని భయపడ్డానని నిజం చెప్పినా, ఇంకో అబద్ధంలాగే వినబడుతుంది.

శెట్టి ఫోన్ తీసి నాగేంద్రకు కలిపాడు. అవతలి మాట బయటికి వినబడుతూనే ఉంది. మా వైర్లలో ఏ తప్పూ లేదని, జీతం పెంచలేదని ఈరన్న తన మీద కక్షతో తిరుగుతున్నాడని, ఈ పొద్దు నుంచి వాడు మా షాపు మనిషి కాదని నాగేంద్ర చెప్పాడు. ఎంత ప్రశాంతంగా చెప్పాడంటే, సంగతి తెలియకపోతే నేను కూడా నమ్మేవాడిని. శెట్టి ఫోన్ పెట్టేశాడు.

బామ్మర్ది నా భుజం మీద చెయ్యేసి, "ఎన్ని దుడ్లు ఇచ్చినాడప్పా నీకు?" అని అడిగాడు. డ్రైవర్లు నవ్వారు. వాళ్ళలో ఇద్దరు మద్దిలేటి సుద్దతో రాసిన లారీలు నడిపినవాళ్ళే.

మద్దిలేటి వెనక్కి తిరిగి నడిచాడు. మేము రోడ్డు మీదికి వచ్చాం. నేను పక్కన నడుస్తూ, ఇంకా ఎవరెవరికి చెప్పొచ్చో, గనుల సంఘానికి రాసి ఇద్దామా అని ఏదేదో అంటున్నాను. ఆయన ఆగాడు.

"చాల్లేప్పా" అన్నాడు. "నువ్వు గమ్మునుండింటేనే బాగుండు. ఇన్నాళ్ళూ దొంగ అనిరి. రేపట్నుంచి సాక్షిని గూడా కొనుక్కున్న దొంగ అంటారు."

అని, అడిగి తెచ్చుకున్న చొక్కా తిరిగి ఇవ్వాలని తొందరగా పాలిష్ ఫ్యాక్టరీ వైపు వెళ్ళిపోయాడు.